ముట్టని పళ్ళేలు

జకార్తా,
జూన్ 4, 1987

అమ్మాయ్ రోస్నిదా,

మీ బహ్రుమ్ మామయ్య ఇంకా బతికే ఉన్నాడు. ముందు ఈ సంగతి మీ అమ్మకి చెప్పు, తర్వాత మిగతాది చదువు.

ఓడలో రెండు రోజులూ పెట్టింది అన్నం, ఉప్పులేని క్యాబేజీ నీళ్ళు, ఒక కోడిగుడ్డు. ఆ గుడ్డు పాదాంగ్ రేవులో ఉడకబెట్టి జకార్తా రేవులో వలిచినట్టుంది. మీ అమ్మ కట్టిచ్చిన రెందాంగ్ మాంసం పొట్లం లేకపోతే నేను సముద్రంలో దూకి వెనక్కి ఈదుకొచ్చేసేవాణ్ణి. పక్కన చాప వేసుకున్న ముసలాయనకి రెండు ముక్కలు పెట్టాను. తిని వేళ్ళు నాక్కున్నాడు. తర్వాత, "మాంసం ఎన్ని గంటలు ఉడికించారు?" అన్నాడు. ఏడు గంటలన్నాను. ఓడ దిగేదాకా నా సంచీ ఆయనే మోశాడు.

ఇక్కడ స్టేషను ఎదురుగా బండి దగ్గర పులుసూ అన్నం తిన్నాను. పులుసులో పంచదార. ఇదేమిటయ్యా అంటే, "వెయ్యకపోతే ఎలాగండీ?" అని బండివాడు నా మొహం జాలిగా చూశాడు. జావాలో తూర్పుకి వెళ్ళేకొద్దీ తీపి ఇంకా ఎక్కువట. సొలో ఊరు చేరేసరికి చేపల పులుసు కూడా పాయసం అయిపోతుందేమో. రేపు పొద్దున రైలు.

ఇక అసలు మాట. నన్నెందుకు పంపారో నాకు తెలుసు. సుతేజో ఇల్లు చూడాలి, వాళ్ళమ్మతో మాట్లాడాలి, మా పిల్లకి మీ అబ్బాయిని ఇవ్వమని అడగాలి. మనలో ఆడపిల్లవాళ్ళే వెళ్ళి అడగాలి, మేనమామే నోరు విప్పాలి. అందుకని మోకాళ్ళ నొప్పులవాణ్ణి పట్టుకుని సముద్రం దాటించారు. సరే, అడుగుతాను. కాని కడుపులో ఉన్నది దాచుకుని వెళ్ళలేను. ఆ కుర్రాడంటే నాకు గురి లేదు.

పోయినేడు నువ్వు వాణ్ణి హోటల్‌కి తీసుకొచ్చిన రోజు గుర్తుందా? కాలవల ఆఫీసులో పని, రెండేళ్ళుగా మన ఊళ్ళోనే ఉంటున్నాడు, మంచివాడు అన్నావు. మన దగ్గర బల్ల ముందు ఎవరు కూర్చున్నా ఉన్న కూరలన్నీ పళ్ళేల్లో పెట్టి బల్ల నింపుతాం. ముట్టుకున్నవాటికే బిల్లు. ముట్టనివి శుభ్రంగా వెనక్కెళ్ళి ఇంకొకరి బల్ల ఎక్కుతాయి. మన పాయకుంబుహ్‌లో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి, రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నవాడికి తెలీదా? ఆ రోజు పద్దెనిమిది పళ్ళేలు పెట్టి, నువ్వు తీసుకొచ్చిన మనిషి కదా అని, "ఇవాళ నీకు బిల్లు లేదు బాబూ, తిను" అన్నాను. అంతే. చేపతల పులుసు దగ్గర్నుంచి మెదడు కూర దాకా ప్రతిదాంట్లో చెయ్యి పెట్టాడు. ఒక్క పళ్ళెం వదల్లేదు. ఊరికే వస్తోందనేసరికి పద్దెనిమిదీ కావాలి వాడికి.

ఏడాదిగా నీ మొహం చూసి చెప్పలేదు. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియని మనిషి మనింటికి అల్లుడై వస్తే హోటల్ ఏమవుతుంది? హోటల్ మీ అమ్మది, రేపు నీది. నేను గరిటె తిప్పేవాణ్ణే కావచ్చు, కాని అందులో నా నలభై ఏళ్ళున్నాయి.

సొలోలో బుస్తామీ హోటల్ చిరునామాకి ఉత్తరం రాయి. ఎండేసిన మిరపకాయలు వాన పడితే లోపల పెట్టించు.

పంచదార పులుసు తాగిన
మామయ్య

*

పాయకుంబుహ్,
జూన్ 12

మామయ్యా,

సలాం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మూడోసారి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోపం నీ మీదో నా మీదో చెప్పలేదు.

ఏడాది పాటు ఈ మాట కడుపులో పెట్టుకుని నాతో మామూలుగా ఎలా మాట్లాడావు? నాకు నిజంగా ఏమీ అర్థం కావట్లేదు. నువ్వు చెప్పే సుతేజో వేరు, నేనెరిగిన సుతేజో వేరు. నేను పాఠాలు చెప్పే బడికి తెచ్చుకున్న అన్నంలోంచి వేపుడు ముక్క ఇస్తే సగం తుంచి తిరిగి నా గిన్నెలో పెట్టేవాడు. ఆశపోతు అలా చేస్తాడా? ఇంకో సంగతి. మన హోటల్లో తిన్న మర్నాటి నుంచి మూడు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టాడు, కడుపు నొప్పని. వానలో తడిసి ఉంటాడనుకున్నాను నేను. అంత నొప్పి వచ్చేలా ఎవరైనా ఆశకి తింటారా?

పోనీ, అవన్నీ వచ్చాక పోట్లాడుకుందాం. వాళ్ళింట్లో మాత్రం మంచిగా ఉండు. సుమర్నిగారికి భర్త లేడు, వీడొక్కడే కొడుకు. పెళ్లయితే మన పద్ధతి ప్రకారం వాడు నా దగ్గరికి, ఈ ఇంటికి వచ్చేస్తాడు. ఆవిడ ఏం వదులుకుంటుందో తలుచుకుని మాట్లాడు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంతవరకు ఎవర్నీ చేసుకుంటానని నీ దగ్గర అనలేదు, ఇకముందు అనను. ఇతనైతేనే.

ఆవిడ ఏం పెట్టినా తీపి అని మొహం చిట్లించకు. నీ మొహం సంగతి నాకు తెలుసు.

మిరపకాయలు లోపల పెట్టించాను. నువ్వు లేక మెదడు కూర రుచి తప్పిందని రోజూ భోజనానికొచ్చే మార్కెట్ మాస్టారు దెప్పుతున్నాడు.

నీ రోస్ని

*

సొలో,
జూన్ 14

రోస్నీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగుదామనుకున్నాను గాని ఆగలేకపోతున్నాను. నా బుర్ర పనిచెయ్యడం మానేసింది.

బుస్తామీ దగ్గర దిగాను. మన పక్కూరివాడే కదా, పాతికేళ్ళుగా ఇక్కడ మన కూరలు అమ్ముకుంటున్నాడు. వాడి వంటవాడు చెల్లెలి పెళ్లికని ఊరెళ్ళాడట, నన్ను చూడగానే గరిటె చేతిలో పెట్టాడు. చూస్తే వీడూ రెందాంగ్‌లో బెల్లం వేస్తున్నాడు. సిగ్గులేదా అంటే, "లేకపోతే ఇక్కడ ఎవడూ తినడన్నా" అన్నాడు. నేను మానిపించాను. రెండు రోజుల్లో నలుగురు తిట్టి వెళ్ళారు.

నిన్న మధ్యాహ్నం, సెలవు మీద వచ్చి ఉన్న సుతేజో రిక్షాలో వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. చిన్న పెంకుటిల్లు, వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. సుమర్నిగారు సన్నగా, పొట్టిగా ఉన్నారు. గట్టిగా మాట్లాడితే ఎవరికైనా తగులుతుందేమో అన్నట్టు మాట్లాడతారు. టీ తెచ్చి పెట్టారు, తాగేశాను. తల్లీ కొడుకూ నా వంక అదోలా చూశారు. కాసేపటికి ఆవిడ, "తాగండి" అన్నారు. అప్పటికి నా కప్పు ఖాళీ. వాళ్ళవి నిండుగానే ఉన్నాయి. ఇక్కడ టీ ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చోవాలేమో, నాకెవరు చెప్పారు?

తర్వాత చాప మీద వడ్డించారు. పదకొండు రకాలు. కొబ్బరిపాలలో ఉడికించిన కోడి, బెల్లంతో నల్లగా వండిన పనసకూర, సోయాగింజలు పులియబెట్టి చేసిన తీపి టెంపే, అరటిపువ్వు, ఇంకా పేర్లు తెలియనివి బోలెడు. "ఇవన్నీ మావాడు తిని పెరిగినవండీ" అన్నారు. ఎంత కష్టపడిందో పాపం అనిపించింది. అందుకే నేను ఎంతో జాగ్రత్తగా ఉన్నాను. కోడికూర, పనసకూర, రెండే వేసుకున్నాను. మిగతా తొమ్మిదింటి మీద మెతుకు పడకుండా, నా చెయ్యి తగలకుండా, ఒక్కొక్కటే మణికట్టుతో వెనక్కి జరిపి పెట్టాను. అవి శుభ్రంగా ఉంటే సాయంత్రానికి పనికొస్తాయి, ఇంకెవరికైనా పెట్టుకుంటారు. విధవరాలి ఇల్లు, నా వల్ల ఒక్క గిన్నె కూడా పాడవకూడదు. ఇంతకన్నా మంచి అతిథి ఆవిడకి ఎక్కడ దొరుకుతాడు చెప్పు?

ఆవిడ మొహం మాడిపోయింది.

ఎందుకో నాకు ఈ క్షణానికీ తెలీదు. "ఇది కొంచెం చూడండి, అది కొంచెం చూడండి" అని రెండుసార్లు అన్నారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. చివరికి, "మావి పేదవాళ్ళ తిళ్ళు లెండి" అన్నారు. "ఫర్వాలేదండి" అన్నాను. సుతేజో తల వంచుకుని కూర్చున్నాడు. వాడు మాత్రం అక్కడ రెండు ముద్దలు కూడా తినలేదు. పరాయి హోటల్లో పద్దెనిమిది లాగించినవాడు.

నేను గొంతు సవరించుకుని అడగబోతుంటే ఆవిడే, "మాలో అబ్బాయివాళ్ళే వెళ్ళి అడుగుతామండీ. మీరే ఇంత దూరం వచ్చారంటే, మీ వైపు ఏమైనా తొందరుందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా పిల్లకేం తొందర? బడిలో పాఠాలు చెప్పుకునే పిల్ల. లేచి చెప్పులు వేసుకుని వచ్చేశాను. అడగలేదు.

నాకు తోచింది చెప్తున్నాను. ఆవిడకి మనం నచ్చలేదు. మర్యాదకి మర్యాద చూపించని ఇల్లు మనకొద్దు.

బుస్తామీ వంటవాడు వచ్చేదాకా నేనిక్కడే. పెళ్ళికెళ్ళినవాడు కాపురం పెట్టినట్టున్నాడు.

మామయ్య

*

పాయకుంబుహ్,
జూన్ 23

మామయ్యా,

నాలుగు రోజులు కోపంతో నీకు రాయలేదు. ఇప్పుడూ కోపంతోనే రాస్తున్నాను.

నీ ఉత్తరం, సుతేజో ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకే మధ్యాహ్నం, ఒకే చాప, అవే పదకొండు గిన్నెలు. కాని ఒక ఉత్తరంలో ఉన్న మనిషి ఇంకోదాంట్లో లేడు. అతను రాసినది ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను, చదువు.

"మీ మామయ్యగారికి మా సంబంధం ఇష్టం లేదు. నోటితో చెప్పకుండా తిండితో చెప్పారు. అమ్మ రెండు రోజుల నుంచి వండుతోంది. మా వాడు ఏం తింటాడో అక్కడివాళ్ళకి తెలియాలి, ఒక్కొక్కటీ రుచి చూపిస్తాను, వీటిలో రెండైనా అక్కడ వండి పెట్టరా అంది. ఆయన తొమ్మిది గిన్నెలు ముట్టనే లేదు. చేతి వెనక వైపుతో దూరంగా నెట్టేశారు. మావి పేద తిళ్ళంటే ఫర్వాలేదన్నారు. ఆయన వెళ్ళాక అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇక వదిలెయ్యి నాయనా అంటోంది. నాకేం చెయ్యాలో తోచడం లేదు రోస్నీ."

వెనక వైపుతో నెట్టావా లేదా? నెట్టానని నువ్వే గొప్పగా రాశావు. పోయినేడు వాడు పద్దెనిమిది తిన్నాడని తప్పు పట్టిన మనిషివి, నువ్వు తొమ్మిది వదిలేసి మర్యాద అంటున్నావు. తింటే తప్పు, తినకపోతే మర్యాద అయితే, వాడి తల్లి ఎందుకు ఏడ్చింది? ఆ పద్దెనిమిది పళ్ళేల కసి ఇలా తీర్చుకున్నావని అమ్మ అంటోంది. నేను కాదనాలనుకుంటున్నాను. కాదనడానికి నా దగ్గర ఏం ఉంది?

ఆవిడ ఏడ్చిందని చదివాక ఆగలేక ఒక అబద్ధం ఆడాను. మా మామయ్యకి కడుపులో పుండు ఉంది, డాక్టరు పథ్యం చెప్పాడు, ఆ సిగ్గుకి మీకు చెప్పుకోలేదు, క్షమించండి అని ఆ రోజే ఆవిడకి రాసేశాను. నీకు పుండు లేదని నాకు తెలుసు. ఇప్పుడు ఉంటే బాగుండుననిపిస్తోంది.

నీ నోటి మాట లేకుండా ఈ ఊళ్ళో నా నిఖా జరగదు. అది నీకూ తెలుసు. ఆ ధైర్యంతోనే కదా చెప్పులేసుకుని వచ్చేశావు.

రోస్నిదా

*

సొలో,
జూన్ 26

రోస్నీ,

నీ దగ్గర్నుంచి పన్నెండో తారీకు ఉత్తరం తప్ప ఇంకేమీ రాలేదు. ఇక్కడ వింతలు జరుగుతున్నాయి.

రెండు రోజులుగా సుమర్నిగారి ఇంటి నుంచి రిక్షా ఆయన క్యారియర్ తెస్తున్నాడు. పై గిన్నెలో గంజి. ఉప్పు లేదు, నంజుకోవడానికేమీ లేదు. కింది గిన్నెలో పచ్చగా ఒక కషాయం, నోట్లో పెడితే ప్రాణం పోయేంత చేదు. చీటీ లేదు, మాట లేదు. "అమ్మగారు తాగమన్నారు" అంటాడు, నేను తాగేదాకా ఎదురుగా నిలబడతాడు.

కూరలు తిననివాడికి గంజే గతి అని దెప్పుతున్నారా? బుస్తామీని అడిగితే, "జావావాళ్ళకి కోపమొస్తే అరవరన్నా, ఇలాంటివే చేస్తారు" అన్నాడు. పాతికేళ్ళుగా ఉంటున్నాడు, తెలియకుండా చెప్తాడా? నేనూ తగ్గలేదు. ఇంట్లో ఆడవాళ్ళు పంపినది పారబోస్తే పాపమని తాగుతున్నాను గాని, క్యారియర్ కడిగి ఖాళీగా తిప్పి పంపుతున్నాను.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది.

మామయ్య

*

సొలో,
జూలై 3

నా తల్లీ రోస్నీ,

నీ ఇరవై మూడో తారీకు ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. ఏడ్చింది అన్న మాటే మళ్ళీ మళ్ళీ చదివాను. అవతల పొయ్యి మీద కొబ్బరిపాలు విరిగిపోయాయి, బుస్తామీ తిట్టాడు, వినపడలేదు.

నేను కసి తీర్చుకోలేదమ్మా. దేవుడి సాక్షి. పద్నాలుగో ఏట నుంచి హోటల్లో ఉన్నాను, తిన్నది హోటల్లో, పడుకున్నది హోటల్లో. ఒకరింట్లో కూర్చుని తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పళ్ళెం ముట్టకుండా వెనక్కి పంపడం కన్నా పెద్ద మర్యాద నాకు ఎవరూ నేర్పలేదు. ఆ తొమ్మిదీ ఆవిడకి మిగల్చాననుకున్నాను. ఆవిడ మొహాన కొట్టానని నాకెలా తెలుస్తుంది? ఇంత వయసొచ్చి చాప మీద కూర్చుని తినడం తెలియని మనిషినయ్యాను.

మర్నాడు మధ్యాహ్నం రిక్షా ఆయన బదులు సుతేజోయే గంజి క్యారియర్ పట్టుకుని వచ్చాడు. నా కడుపు ఎలా ఉందని అడిగాడు. నీ అబద్ధం నా నెత్తిన ఉంది కాబట్టి బాగానే ఉందన్నాను. నాకు తెలిసింది ఒక్కటే కదా, కూర్చోబెట్టి బల్ల నింపాను. పద్నాలుగు పళ్ళేలు. వాడు వాటి వంక చూశాడు, నా వంక చూశాడు. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. మెల్లిగా అడిగాడు.

"మామయ్యగారూ, ఇవాళ బిల్లు ఉందాండీ, లేదా?"

"ఉంటే ఏం, లేకపోతే ఏం?"

"ఉంటే హోటల్ భోజనం కదండీ, రెండు తిని లేస్తాను. లేకపోతే మీరు ఇంటి మనిషిగా పెడుతున్నట్టు. అప్పుడు ఏది వదిలినా మీ చేతి వంట వద్దన్నట్టే కదా. అన్నీ తినాలి." మళ్ళీ పళ్ళేలు లెక్కపెట్టుకున్నాడు. "ఫర్వాలేదండి, పోయినేడు పద్దెనిమిది తిన్నాను. ఇవి పద్నాలుగే."

రోస్నీ, నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు వాడి కళ్ళ వెంట నీళ్ళు కారడం నేను చూశాను. చూసి, ఎంత ఆబగా తింటున్నాడో అనుకున్నాను. బెల్లం పులుసు మీద పెరిగిన ప్రాణం, మన మిరపకారం పద్దెనిమిది రకాలుగా మింగింది, నేను పెట్టానని. మూడు రోజులు మంచం ఎక్కింది. నేను ఏడాది పాటు వాణ్ణి ఆశపోతని తిట్టుకున్నాను.

"బిల్లుంది నాయనా, రెండే తిను" అన్నాను. వాడి మొహంలోకి ప్రాణం వచ్చింది. కోడికూర, ఆకుకూర తిన్నాడు. మిగతా పన్నెండూ చక్కగా, మెతుకు పడకుండా జరిపి పెట్టాడు. బిల్లు మాత్రం నేను తీసుకోలేదు. తీసుకోనని ముందే చెప్తే పన్నెండూ తినేవాడు, అందుకని చెయ్యి కడుక్కున్నాక చెప్పాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. రెందాంగ్ వండి క్యారియర్ నిండా పెట్టుకుని వెళ్ళాను. అందులో బెల్లం వేశాను. ఈ మాట మన ఊళ్ళో ఎవరితోనైనా అన్నావంటే నేను మళ్ళీ గడప తొక్కను. టీ ఇచ్చారు, ఆవిడ తాగమనేదాకా ముట్టలేదు. చల్లారిపోయింది. నాకు పుండు లేదు, మా పిల్ల అబద్ధం ఆడింది అని చెప్పేశాను. తొమ్మిది గిన్నెల సంగతీ చెప్పాను, మాలో ముట్టకపోవడం ఎందుకు మర్యాదో చెప్పాను. ఆవిడ రెండోసారి చెప్పించుకున్నారు. "అంటే మీరు నా కోసం ఆకలితో లేచారా?" అన్నారు. అవునన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఉన్న నాలుగు కూరలూ తెచ్చి పెట్టారు. నాలుగూ అడుగు కనపడేదాకా తిన్నాను. తీపి టెంపే బాగుంది, మీ అమ్మకి చెప్పకు.

అడగడం మాత్రం తేలలేదు. మేమే అడగాలని నేనంటాను, మేమే అడగాలని ఆవిడంటారు. చివరికి ఆవిడ ఏమన్నారంటే, "నాకున్నది వీడొక్కడే. వీడు మీ ఇంటికి వచ్చేస్తే నా పొయ్యి మీద ఎవరి కోసం వండుకోను? ముందు ఆ ఇల్లు చూస్తాను, తర్వాత చెప్తాను." పన్నెండో తారీకు ఓడకి తల్లీ కొడుకులు బయల్దేరుతున్నారు. బుస్తామీ వంటవాడు పదిహేనుకి గాని రాడు, నేను తర్వాతి ఓడకి వస్తాను. నేను వచ్చేదాకా పెళ్లి మాట ఎవరూ ఎత్తకండి, వాళ్ళకి అన్నం మాత్రం పెట్టండి.

మీ అమ్మకి గట్టిగా చెప్పు. వాళ్ళు ఇష్టపడితే అన్నీ తింటారు. బిల్లు మాట ఎత్తకుండా పద్దెనిమిదీ పెట్టమను.

బుద్ధి వచ్చిన
మామయ్య

*

పాయకుంబుహ్,
జూలై 16

మామయ్యా,

ఇది నీకు అందేసరికి నువ్వు ఓడలో ఉంటావేమో. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను, ఎవరికి చెప్పుకోను?

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. తెల్లవారుజామున లేచి నీ బదులు తనే పొయ్యి దగ్గర కూర్చుంది. పద్దెనిమిదీ చేసింది. వాళ్ళు కారం తినలేరే అమ్మా అంటే, "ఇష్టపడితే తింటారని మీ మామయ్యే రాశాడుగా, ఇష్టం ఉందో లేదో చూద్దాం" అంది. వాళ్ళు నిన్న మధ్యాహ్నం వచ్చారు. సుమర్నిగారు నీ క్యారియర్‌లో తాటిబెల్లం నింపి తెచ్చారు. హోటల్లోనే కూర్చోబెట్టి బల్ల నింపాం.

ఆవిడ ఒక్కొక్క పళ్ళెం వంకా చూశారు. కొంచెం కోడికూర, కొంచెం ఆకుకూర వేసుకున్నారు. తర్వాత మిగతా పదహారూ, ఒక్క మెతుకు పడకుండా, మణికట్టుతో జరిపారు. ఎంత శ్రద్ధగా జరిపారో నువ్వు చూడాలి. జరిపి, అమ్మ వంక చూసి చిన్నగా నవ్వారు, సరిగ్గా చేశానా అన్నట్టు.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. కొంగు నోట్లో కుక్కుకుని, "చూశావా, నా వంట ముట్టలేదు. ఇష్టం లేదు ఆవిడకి" అంటోంది. నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. అమ్మా, మామయ్య మన మర్యాద ఆవిడకి నేర్పాడు, వాళ్ళ మర్యాద నీకు నేర్పాడు, ఇద్దరూ నేర్చుకున్నారు, అంతే అన్నాను. అమ్మకి మూడుసార్లు చెప్తే గాని ఎక్కలేదు.

ఎక్కాక బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ ఎదురుగా కూర్చుని, వెనక్కి జరిపిన పళ్ళేలన్నీ మళ్ళీ ముందుకి లాగింది. చేపతల పులుసులోంచి బుగ్గ ముక్క తీసి తన చేత్తో ఆవిడ పళ్ళెంలో పెట్టింది. సుమర్నిగారు నా వంక చూశారు. "తినొచ్చా అమ్మా? వచ్చినప్పటి నుంచి దాని వాసనకి మనసు లాగుతోంది. మీ మామయ్యగారు ముట్టొద్దన్నారని ఊరుకున్నాను" అన్నారు.

తిన్నారు. నాలుగోదానికే ముక్కు ఎర్రబడింది. ఆరోదానికి ఆగి నీళ్ళు తాగారు. బల్ల చివరిదాకా చూసి అమ్మని అడిగారు.

"మావాడు ఆ రోజు ఇవన్నీ తిన్నాడా?"

"పద్దెనిమిదీ తిన్నాడు" అంది అమ్మ.

"ఈ కారమే?"

"ఇదే."

సుతేజో తల వంచుకున్నాడు. ఆవిడ గ్లాసు కింద పెట్టారు. ఇంట్లో పచ్చడిలో మిరప గింజ కనపడితే తీసి పక్కన పెట్టేవాడట చిన్నప్పటి నుంచీ. "అయితే వాడు ఏడాది కిందటే మీ ఇంటివాడు అయిపోయాడండీ. నాకే ఆలస్యంగా తెలిసింది" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు మామయ్యా. సంతోషమే, కాని ఆవిడ మొహం చూస్తే సంతోషపడటానికి భయమేసింది. ఆవిడే నా చెయ్యి పట్టుకుని, పొయ్యి ఎక్కడుందో చూపించమన్నారు.

పొద్దుటి నుంచి నాకు పనసకూర నేర్పుతున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడి, అంత బెల్లమా అని గొణుగుతోంది, కాని పనసకాయలు తరిగి ఇచ్చింది తనే. రేపటి నుంచి మన బల్ల మీద పంతొమ్మిది పళ్ళేలు. ఎవరూ ముట్టరంటోంది అమ్మ. ముట్టకపోతే నాకూ సుతేజోకీ మిగులుతుంది.

నువ్వు త్వరగా రా. పెళ్లి మాట ఎవరు ముందు అడగాలో అని అమ్మా, సుమర్నిగారూ ఇద్దరూ నోరు మూసుకుని, నువ్వు వచ్చే దారి వంక చూస్తూ కూర్చున్నారు.

నీ రోస్ని